లాండిడ్నో వెళ్తున్నారా? ముందు ట్రామ్ ఎక్కండి, బీచ్ తర్వాత చూడొచ్చు

మా ఆటోనగర్‌లో ఇప్పుడు ఏ షెడ్డు ఓనర్ని కదిపినా కొడుకో కూతురో బయట దేశంలో ఉన్నారు. వేసవి వచ్చిందంటే ఇద్దరు ముగ్గురు విజిటర్ వీసా మీద వెళ్లి, తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. టవర్ బ్రిడ్జి, పెద్ద గడియారం, రాజుగారి కోట. అందరి ఫోన్లలోనూ అవే. ఈ ఏడాది నా వంతు వచ్చింది. నేను చూపించిన మొదటి ఫొటో ఒక ఇనుప గిలకది. గడ్డిలో, రెండు పట్టాల మధ్య, మీద వైర్ రోప్ పరుగెడుతున్న గిలక. "దీనికోసం అంత దూరం వెళ్లావా మేస్త్రీ?" అని నవ్వారు. అవును, తెలిసుంటే దానికోసమే వెళ్లేవాణ్ణి. ముప్పై నాలుగేళ్లు లారీలకి బ్రేకులు, క్లచ్చిలు చేసినవాడికి ఆ గిలక ఏంటో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా. మిగతావి మా ఆవిడ, మనవడి తరఫున.

అమ్మాయి, అల్లుడు మాంచెస్టర్‌లో ఉంటారు. మే నెలాఖరులో మనవడికి బడి వారం రోజులు సెలవు. ఇక్కడ రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అక్కడ మా ఆవిడ ఒంటి మీద రెండు స్వెట్టర్లు, నెత్తిన మంకీ క్యాపు. "మావయ్యగారూ, ఇంగ్లండ్ పక్కనే వేల్స్‌లో లాండిడ్నో అని సముద్రం ఒడ్డున ఊరుంది, ఓ మూడు రోజులు వెళ్దాం" అన్నాడు అల్లుడు. సముద్రం అంటే నాకు సూర్యలంక. పొద్దున్నే బయల్దేరి, కాళ్లు తడుపుకుని, చేప వేపుడు తిని, చీకటి పడేలోగా బెజవాడ వచ్చేయడం. మూడు రోజులు అక్కడేం చేస్తామో నాకు అర్థం కాలేదు.

కారులో రెండు గంటలు. వేల్స్‌లోకి వచ్చామని బోర్డులే చెబుతాయి, అన్నీ రెండు భాషల్లో ఉంటాయి. మలుపుల దగ్గర రోడ్డు మీద తెల్ల పెయింటుతో స్లో అని, దాని పక్కనే అరావ్ అని రాసి ఉంది. వాళ్ల భాషలో నెమ్మది అని అర్థమట. ఊరి పేరులో మొదటి అక్షరం మన నోటికి రాదు. నాలుక పైపళ్ల వెనక ఆనించి, పక్కల నుంచి గాలి వదలాలి. మనవడు వదిలాడు, నాకు ఉమ్మి వచ్చింది. ఇంగ్లిష్ వాళ్లు లాండిడ్నో అంటారు, మనకదే చాలు. లాన్ అంటే గుడి, టిడ్నో పాతకాలపు సాధువు పేరు. ఆ సాధువు గుడి మీదుగా వచ్చిన పేరు. మన గుడివాడ లాంటిదే అనుకోండి.

ఊరి రెండు కొసలా రెండు కొండలున్నాయి, పెద్ద ఓర్మ్, చిన్న ఓర్మ్ అని. మధ్యలో నెలవంకలా సముద్రం, దాని ఒడ్డునే లేత రంగుల పాత హోటళ్లు వరసగా, ఒకే మేస్త్రీ కట్టినట్టు ఉంటాయి. ఓర్మ్ అనేది వైకింగుల మాట, ఒకప్పుడు ఉత్తరం నుంచి ఓడల్లో దండెత్తి వచ్చినవాళ్లు. పాము అని అర్థం. ఓడల మీంచి చూసినవాళ్లకి ఆ కొండ నీళ్లలో తల పెట్టి పడుకున్న పాములా కనబడిందట. పెద్ద ఓర్మ్ ఎత్తు 207 మీటర్లు. మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు చెప్పను. మూడో అంతస్తులో గది, లిఫ్టు లేదు, మెట్లకి తివాచీ ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకి తివాచీ ఎందుకు? గది బుక్ చేసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోరేనా అని పిల్లల్ని ఒకటికి రెండుసార్లు అడగమనండి.

ఇక ట్రామ్.

ట్రామ్ గురించి చెప్పాలంటే ముందు నుయ్యి గురించి చెప్పాలి. మా ఊళ్లో పెద్ద నూతికి ఒకే తాడుకి రెండు కొసలా రెండు చేదలు కట్టేవాళ్లు. నిండు చేద పైకొస్తుంటే ఖాళీ చేద కిందకి దిగేది. దిగే దాని బరువు ఎక్కేదానికి సాయం. గ్రేట్ ఓర్మ్ ట్రామ్‌వే అంతా ఇదే లెక్క. చేదల బదులు ట్రామ్ పెట్టెలు, తాడు బదులు ఉక్కు రోప్. ఒక పెట్టె కొండెక్కుతుంటే దాని జత పెట్టె కొండ దిగుతుంది. పెట్టెలో ఇంజను లేదు, నడిపే మోటారు లేదు. లాగేదంతా కొండ మధ్యలో ఉన్న హాఫ్‌వే స్టేషన్‌లోని వించి, అంటే డ్రమ్ముకి తాడు చుట్టి లాగే మిషను. ముందు నిలబడ్డాయన చేతిలో ఉండేది బ్రేకు. అంటే నా పని. ఆయన్ని చూడగానే నాకు బంధువు దొరికినట్టు అనిపించింది.

కింది సగం 1902 జూలై 31న మొదలైంది, పై సగం ఆ మరుసటి ఏడు. మొత్తం దారి ఒక మైలు. కింది సగానికి రెండు పెట్టెలు, 4, 5 నంబర్లు. పై సగానికి 6, 7. మధ్యలో దిగి మారాలి. బ్రిటన్‌లో ఇలా ఊరి రోడ్డు మీద తాడుతో లాగే ట్రామ్ ఇదొక్కటే మిగిలింది. నీలం రంగు, లోపల చెక్క బల్లలు. మేం ఎక్కినప్పుడు చలిగాలి తిన్నగా చెవుల్లోకి. మంకీ క్యాపు చూసి నవ్విన అల్లుడే పది నిమిషాల్లో దాన్ని అడిగి పెట్టుకున్నాడు.

కింది సగంలో ట్రామ్ ఇళ్ల మధ్య నుంచి, ఇరుకు సందులోంచి ఎక్కుతుంది. దాదాపు నాలుగడుగులు ముందుకి వెళ్తే ఒకడుగు పైకి, ఒకచోట అంత వాలు. మన దుర్గ గుడి ఘాట్ రోడ్డుకి లోడు లారీ ఎక్కించాలంటే ఎంత టెన్షనో ఆ పని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ రోప్ రోడ్డు కింద కాలవలో పోతుంది. పైకి కనబడేది పట్టాల మధ్య సన్నటి చీలిక ఒక్కటే. చెవి పెడితే లోపల తాడు పాకుతున్న శబ్దం వస్తుంది. కొంచెం పైన కార్లు కూడా అదే రోడ్డు మీద తిరుగుతాయి. సగం దారిలో పట్టాలు రెండుగా చీలి, మన జత ట్రామ్ పక్క నుంచి దిగిపోతుంది. అందులో కూర్చున్న వాళ్ల బరువే మనల్ని పైకి లాగుతోందని మనవడికి చెబితే, వాడు ఎదురు ట్రామ్‌లో ఉన్న లావుపాటి పెద్దమనిషికి చెయ్యూపి "థాంక్యూ" అని అరిచాడు. ఆయనకి ఎందుకో తెలియకపోయినా తిరిగి చెయ్యూపాడు.

హాఫ్‌వే స్టేషన్‌లో దిగుతారు కదా, పరుగెత్తి పై ట్రామ్ ఎక్కేయకండి. వించి గది అక్కడే ఉంది, అద్దాల్లోంచి చూడొచ్చు. పెద్ద డ్రమ్ములు, వాటి మీద వరసగా చుట్టుకుంటూ విడుతూ రోప్. 1950ల చివరి దాకా దీన్ని ఆవిరితో నడిపేవారు, తర్వాత కరెంటు మోటార్లు పెట్టారు. ఈ పని ఎరిగినవాడు రోప్‌కి, పెట్టెకి మధ్య అతుకు ఎక్కడుందో ముందు చూస్తాడు. నేనూ అదే చూశాను. 1932 ఆగస్టులో ఆ అతుకు దగ్గరే, 4వ నంబర్ పెట్టెని రోప్‌కి కలిపే డ్రాబార్ అనే ఇనుప కడ్డీ విరిగింది. పెట్టె వాలులో వెనక్కి పోయి గోడకి గుద్దుకుంది. నడిపేవాడు, పన్నెండేళ్ల పిల్ల చనిపోయారు. ఆ దెబ్బకి నడిపే కంపెనీ దివాలా తీసింది, 1934 దాకా ట్రామ్ మళ్లీ కదల్లేదు. ఇప్పుడది అక్కడి మునిసిపాలిటీ చేతిలో ఉంది. బ్రేకు పని చేసేవాడు ఇలాంటి కథ వింటే రాత్రి నిద్ర పట్టదు. మా షెడ్డులో ఏ కుర్రాడు చేరినా మొదటి నెల నట్టు బిగించే పనే ఇస్తాను, ఎందుకంటే విరిగేది ఎప్పుడూ పెద్ద సామాను కాదు.

పై సగంలో ఇళ్లుండవు, అంతా గడ్డి. అక్కడ తాడు బయటే పరుగెడుతుంది, గిలకల మీద. నా ఫొటో అక్కడిదే. ఒక్కో గిలక మీదకి రోప్ వచ్చినప్పుడు ఒకలాంటి కూత, ట్రామ్ దగ్గరవుతున్నకొద్దీ ఆ కూత పెరుగుతుంది. కొండ పైన హోటలు, బొమ్మల దుకాణం, పిల్లల ఆటలు ఉన్నాయి. అవి ఎక్కడైనా ఉంటాయి. సముద్రం మూడు వైపులా కనబడుతుంది, గాలి మనిషిని నెట్టేస్తుంది. ఇరవై నిమిషాలు చాలు. పైకి కేబుల్ కారు కూడా ఉంది, 1969 నుంచి నడుస్తోంది. గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. మా మూడు రోజుల్లో ఒక్కరోజూ నడవలేదు. నాకేం బాధ లేదు కానీ మనవడు మొహం మాడ్చుకున్నాడు.

టికెట్ పౌండ్లలో చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. మా ఆవిడ నూట పదితో హెచ్చవేసి చెప్పింది. అప్పుడు అనిపించింది. అయినా ఇంకోసారి పెడతాను.

రాగి గని హాఫ్‌వే స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే ఉంది. ఇది చూడకుండా వచ్చేస్తే ట్రామ్ టికెట్ సగం దండగ. 1987లో ఆ కొండ మీద కార్ పార్కు వేద్దామని పాత గుంతలు పరిశీలిస్తుంటే, కింద సొరంగాలు బయటపడ్డాయి. అవి వందా రెండొందల ఏళ్ల క్రితంవి అనుకుంటే దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటివని తేలింది. ఇప్పటిదాకా కొలిచిన సొరంగాలే ఎనిమిది కిలోమీటర్ల పైన. ఇనుము అంటే ఏంటో తెలియని మనుషులు, రాళ్లతో, ఎముకలతో తవ్వారు. గుట్టలు గుట్టలుగా ఎముకలు దొరికాయి. రాగి నీళ్లలో నానీ నానీ అవి పచ్చబడి ఉన్నాయి. సమ్మెటలుగా వాడిన గుండ్లు కింద సముద్రపు ఒడ్డు నుంచి మోసుకొచ్చినవి. రాయి మరీ గట్టిగా ఉన్నచోట దాని దగ్గర మంట పెట్టి, కాలాక పగలగొట్టేవారట.

నెత్తిన హెల్మెట్ పెడతారు, అది అవసరమే. నేను లోపల మూడుసార్లు కొట్టుకున్నాను. దారి ఇరుకు, కొన్నిచోట్ల పక్కకి తిరిగి నడవాలి, మెట్లు చాలా ఉన్నాయి. మా ఆవిడ రెండో మెట్టు దగ్గరే "మీరు వెళ్లి రండి, నేను ఎండలో కూర్చుంటా" అంది. ఎండ లేదు, అయినా కూర్చుంది. లోపల పక్క గోడల్లో చిన్న చిన్న కన్నాలు కనబడతాయి. వాటిలోకి ఎదిగిన మనిషి భుజాలు పట్టవు, పిల్లలే పాకి తవ్వి ఉండాలి. మనవడికి ఎనిమిదేళ్లు. వాడు ఓ కన్నం ముందు నిలబడి లోపలికి చూసి, "తాతయ్యా, లైటు ఎట్లా?" అన్నాడు. అన్నీ అడిగేవాడు ఆ తర్వాత బయటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

బయటికొచ్చాక రాగిలో తగరం కలిపి కంచు చేసే పద్ధతి చూపిస్తారు. తగరం ఆ దేశంలోనే దక్షిణాన కార్న్‌వాల్ నుంచి వచ్చేదట. మా ఆవిడ ఇంట్లో అత్తగారి కాలం నాటి కంచు గిన్నె ఉంది, దాంట్లో చారు కాస్తుంది. "అయితే మన గిన్నెలోనూ తగరం ఉందా?" అని అనుమానంగా అడిగింది. ఉంది. నాకు గుర్తొచ్చింది వినుకొండ దగ్గర అగ్నిగుండాల. అక్కడా రాగి, సీసం ఖనిజం ఉంది. మా షెడ్డుకి ఆ వైపు నుంచి వచ్చే లారీ డ్రైవర్ల నోట ఆ పేరు ఎన్నోసార్లు విన్నాను. ఏనాడూ వెళ్లి చూడలేదు. రాగి చూడ్డానికి వేల్స్ వెళ్లాను.

మేకల సంగతి ఒక్క మాట. కొండ మీద తెల్లటి కశ్మీరీ మేకలు తిరుగుతుంటాయి, పొడవాటి బొచ్చు, వెనక్కి వంగిన కొమ్ములు. 2020 లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో ఉంటే ఇవి ఊళ్లోకి దిగి అందరి పూలమొక్కలూ తినేశాయి, ఆ వీడియో మన వాట్సాప్‌లో కూడా తిరిగింది. మా వాడికి వీటిని చూడాలని గొప్ప కోరిక. చూశాం, ఐదు మేకలు, ఓ బండ మీద. "మన సింగ్ నగర్‌లో రోడ్డు మీద ఇంతకన్నా ఎక్కువుంటాయి" అంది మా ఆవిడ.

బీచ్ దగ్గర కొంచెం నిరాశ తప్పదు, ముందే చెబుతున్నా. ఊరి ముందున్న ఉత్తరపు ఒడ్డున ఎక్కువగా గులకరాళ్లే. సూర్యలంకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాం, ఇక్కడ చెప్పులు విప్పితే ఏడుస్తాం. ఇసక కావాలంటే ఊరికి అటుపక్క పడమటి ఒడ్డుకి వెళ్లాలి. మనవడు జేబు నిండా గులకరాళ్లు ఏరుకుంటే అమ్మాయి మళ్లీ అక్కడే పోయించింది, తీసుకెళ్లడం నేరమట. చల్లని నీళ్లలో దిగి ఈత కొడుతున్న డెబ్బై ఏళ్ల ముసలమ్మని చూసి మా ఆవిడ చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

పియర్ అంటే సముద్రంలోకి ఇనుప స్తంభాల మీద కట్టిన చెక్క వంతెన. 1877లో కట్టారు, 2,295 అడుగులు, వేల్స్‌లో ఇదే పొడవైనది. మన ప్రకాశం బ్యారేజి పొడవులో సగం కన్నా కొంచెం ఎక్కువ. తేడా ఏంటంటే ఇది అవతలి ఒడ్డుకి చేరదు, సముద్రం మధ్యలో ఆగిపోతుంది. నడవడానికి డబ్బులు అడగలేదు, సాయంత్రం గాలికి బాగుంది. కానీ దారి పొడవునా దుకాణాలు, బొమ్మలు పట్టే ఇనుప కొక్కేల మిషన్లు. ఓ మిషన్‌లో మనవడు ఎనిమిది పౌండ్లు పోశాడు, కొక్కెం బొమ్మ మెడ పట్టుకుని సరిగ్గా అంచుకి రాగానే వదిలేస్తుంది. తొమ్మిదోసారి నేను అద్దంలోంచి ఆ కొక్కెం స్ప్రింగు చూశాను. పట్టు లేదు దానికి. గట్టి పట్టు ఉంటే ఓనరుకి గిట్టదు. "ఇంక చాల్రా" అని లాక్కొచ్చాను. ఆ కోపంలో కొన్న చిప్స్ పొట్లంలోంచి ఓ సీగల్ వెనకనుంచి వచ్చి రెండు ముక్కలు పట్టుకుపోయింది. కాకి అయితే అరుస్తాం, అది మన కోడి అంత ఉంది.

ఒడ్డున బొమ్మలాట ఒకటి ఆడతారు, పంచ్ అండ్ జూడీ. కాడ్‌మన్ అనే కుటుంబం 1860 నుంచి అదే ఊళ్లో ఆడుతోందట. ముక్కుతో మాట్లాడినట్టు గొంతు, చేతిలో కర్ర, కనబడ్డవాణ్ణల్లా కొట్టడం. మాటలు సగం అర్థం కాలేదు, కానీ మన తోలుబొమ్మల కేతిగాడు, బంగారక్క ఇలాగే కొట్టుకునేవాళ్లు. చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని చూసిన జ్ఞాపకం. ఇక్కడ అరగంటలో అయిపోయింది, టోపీ పట్టుకొచ్చారు, నాణేలు వేశాం.

రెండో రోజు కాన్వీ. కారులో పావుగంట. పెద్ద కోట, ఎనిమిది బురుజులు, ఊరి చుట్టూ గోడ ఇప్పటికీ చెక్కు చెదరకుండా ఉంది. ఒకటో ఎడ్వర్డ్ అనే ఇంగ్లిష్ రాజు వేల్స్ వాళ్లని అణచడానికి 1283లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో లేపాడు. అప్పుడు ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. ఈ మాట అల్లుడికి చెబితే "అవునా మావయ్యగారూ" అని ఫోన్‌లో వెతికి మరీ చూశాడు. పదేళ్లు తిరక్కుండానే వేల్స్ వాళ్లు తిరగబడితే ఆ రాజు తను కట్టించిన కోటలోనే చలికాలంలో చిక్కుకుపోయాడట. పైకప్పులు లేవు, గోడలే. బురుజు మెట్లు మెలికలు తిరిగి ఉంటాయి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. నేను ఒక బురుజు ఎక్కాను. ఎనిమిదీ ఎక్కినవాడు మనవడు.

నాకు కోట కన్నా దాని కింద వంతెనలు నచ్చాయి. బురుజు మీంచి చూస్తే పక్కపక్కనే మూడు. ఒకటి 1826లో థామస్ టెల్‌ఫర్డ్ కట్టిన గొలుసుల వంతెన. రోడ్డు మొత్తం ఇనుప గొలుసులకి వేలాడుతుంది. గొలుసు కమ్ములు ఒక్కోటీ దగ్గర్నుంచి చూడండి, పిన్నులు వేసి జోడించిన తీరు చూస్తే సైకిల్ చైను పెద్దది చేసినట్టుంటుంది. రెండోది 1848 నాటి రైలు వంతెన, రాబర్ట్ స్టీఫెన్‌సన్‌ది. వంతెన అనడం కన్నా ఇనుప పెట్టె అనాలి. రేకులు రివెట్లు కొట్టి పొడవాటి డబ్బాలు చేశాడు, రైలు వాటి లోపల నుంచి పోతుంది. లారీ బాడీ కట్టేవాళ్లకి ఈ కిటుకు తెలుసు. విడి రేకు వంగిపోతుంది, అదే రేకుని పెట్టెగా మడిచి రివెట్ వేస్తే మనిషి ఎక్కి గెంతినా వంగదు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఓ రైలు ఆ పెట్టెలోకి దూరి అవతల తేలింది. 1848 నాటి రివెట్లు! మూడోది ఇప్పటి రోడ్డు వంతెన. ఇవి చాలక హైవేని 1991లో నది అడుగున సొరంగంలోంచి పంపారు. కాన్వీకి వచ్చేటప్పుడు దాంట్లోంచే వచ్చామని అల్లుడు తర్వాత చెప్పాడు. ముందే చెప్పి ఉంటే కళ్లు తెరిచి కూర్చునేవాణ్ణి.

అక్కడే రేవు ఒడ్డున బ్రిటన్‌లోకెల్లా చిన్న ఇల్లని ఎర్ర రంగు వేసింది ఒకటి ఉంది. ఆరడుగుల వెడల్పు. ఆరడుగుల మూడంగుళాల జాలరి 1900 దాకా అందులో ఉన్నాడట. టికెట్ కొని తల దూర్చి చూస్తారు, ఒక్క నిమిషం పని. గవర్నర్‌పేట సందుల్లో ఇంతకన్నా చిన్న గదిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపినవాళ్లు నాకు తెలుసు.

బోడ్నాంట్ తోట మా ఆవిడ ఖాతా. కాన్వీ నుంచి లోపలికి వెళ్లాలి. అక్కడ 55 మీటర్ల పొడవున పందిరిలా వంచిన చెట్లు, లాబర్నమ్ అంటారు. మే ఆఖరు, జూన్ మొదట్లోనే పూస్తాయి. మేం వెళ్లిన రోజు నెత్తి మీద అంతా పసుపుపచ్చ గుత్తులే, నడుస్తుంటే మొహానికి తగులుతున్నాయి. ఆవిడ ఆగిపోయి "ఇవి రేల పూలే కదండీ!" అంది. అచ్చం అలాగే ఉన్నాయి. కాకపోతే రేల చెట్టు మనకి మండుటెండలో పూస్తుంది, ఇవి స్వెట్టర్ వేసుకుని చూడాలి. రెండూ వేరే చెట్లట, దీని గింజలు విషం కూడా, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. మూడు రోజుల్లో మోకాళ్ల మాట ఎత్తకుండా ఆవిడ నడిచింది ఆ గంటన్నర ఒక్కటే. జూలైలో వెళ్లేవాళ్లు ఈ పందిరి మీద ఆశ పెట్టుకోవద్దు, ఆకులే ఉంటాయి.

తిండికి ఇబ్బంది పడతారు. చేపలు తినేవాళ్లకి ఫర్వాలేదు, పిండిలో ముంచి వేయించినది, పక్కన బంగాళాదుంప ముక్కలు. ఉప్పు తప్ప ఏ రుచీ ఉండదు, వెనిగర్ పోస్తారు. అమ్మాయి డబ్బాలో పులిహోర, పెరుగన్నం పట్టుకొచ్చింది. గోంగూర పచ్చడి మూత తీస్తే పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు, చూడనివ్వండి. ట్రామ్ మార్చి చివర నుంచి అక్టోబర్ దాకానే నడుస్తుంది, చలికాలం వెళ్లొద్దు.

ఇంకోటి. ఆఖరి ట్రామ్ ఎన్నింటికో పొద్దున్నే అడిగి పెట్టుకోండి. ఇది నా తప్పు, ఇంకెవరిదీ కాదు. గని చూసి హాఫ్‌వే స్టేషన్‌కి వచ్చేసరికి టైముంది కదా అని వించి గది అద్దాల ముందు మళ్లీ నిలబడ్డాను. డ్రమ్ము మీద రోప్ ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు ఎలా పడుతోందో చూస్తూ ఉంటే, మా ఆవిడ రెండుసార్లు పిలిచిందట. మూడోసారి వినపడి తిరిగితే డ్రమ్ము ఆగిపోయింది. కింది ట్రామ్ వెళ్లిపోయింది, అదే ఆఖరిది. పిల్లలు ముగ్గురూ అందులోనే దిగిపోయారు, మేం వెనక బల్ల మీద ఉన్నామనుకున్నారు.

పట్టాల పక్కనే రోడ్డు మీద నడిచి దిగాం. పొద్దున చూసి ముచ్చటపడ్డ వాలు అది. సాక్సుల మీద శాండిల్స్ వేసుకున్న మనిషి, పక్కన పట్టుకోవడానికి ఇళ్ల గోడలు తప్ప ఏమీ లేవు. కొంత దూరం తిట్టింది, కొంత దూరం తిట్టలేదు, అది ఇంకా కష్టం. చివరి సందు దగ్గర ఆగి, "లోకంలో లారీలన్నిటికీ బ్రేకులు వేశారుగా, నాకూ కాస్త వెయ్యండి" అంది. నేను ముందు, నా భుజం మీద రెండు చేతులూ పెట్టి ఆవిడ వెనక, అడుగులో అడుగేసుకుంటూ కింద స్టేషన్‌కి చేరేసరికి గేటు మూసేశారు. గేటు ముందు మనవడు కూర్చుని, నాకు మిగిల్చిన చిప్స్ తింటున్నాడు.